ఒక్క ఇంటివాళ్ళు, రెండు జాబితాలు

(పొలిమేర ముచ్చట్లు)

కిందటి సంచిక అందిన వారానికే పుణె నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. నాలుగు కాగితాలు, రెండువైపులా. పేరు అచ్చువేయవద్దని కోరారు కనుక వేయడం లేదు. ఆమెకు పుట్టిల్లూ మెట్టినిల్లూ రెండూ రాయదుర్గం తాలూకా పల్లెలే. అక్కను మాత్రం బళ్ళారిలో మేనత్త కొడుక్కి ఇచ్చారు. వారు బోయలు. అక్కకు కొడుకు, ఈమెకు కూతురు. ఇద్దరిదీ ఒకటే ఈడు. వేసవి సెలవుల్లో అవ్వగారింట్లో ఒకే గంగాళం నీళ్ళు పోసుకుని పెరిగారు. నిరుడు ఇద్దరూ కాలేజీ దరఖాస్తులు నింపారు. అక్క కొడుకు షెడ్యూల్డు తెగ, అంటే ఎస్టీ. ఈమె కూతురు ఆంధ్రప్రదేశ్ కాగితాల ప్రకారం బీసీ-ఏ. ఉంటున్న మహారాష్ట్ర వారి జాబితాలో అదీ కాదు.

ఇంతవరకైతే ఆమె ఉత్తరం వ్రాసేవారు కాదేమో. ఒక పెళ్ళిలో బంధువుల్లో ఎవరో, "ముత్తాత ఒక్కడే అయినప్పుడు ఒకరు గిరిజనులు, ఒకరు కాకపోవడమేమిటి? ఎవరో ఒకరు దొంగ కాగితం పుట్టించారు" అన్నారట. అక్క ఆ మాట పట్టుకుని మాట్లాడడం మానేసింది. "అబద్ధం ఎవరిదండీ?" అని ఆమె ప్రశ్న.

ఎవరిదీ కాదమ్మా. రెండు కాగితాలూ నిజమైనవే. అదెలాగో చెప్పాలంటే ముందు బళ్ళారికి వెళ్ళాలి. మన పత్రిక చదివే పిల్లల్లో చాలామంది బళ్ళారి చూసి ఉండరు కనుక కొంచెం నిదానంగానే వెళదాం.

ఊరి నడుమ రాతికొండ, దానిమీద కోట. హనుమప్ప నాయకుడనే పాళెగాడు కట్టించాడని చెబుతారు. తరువాత అది హైదరాలీ చేతికి వచ్చింది. ఇక్కడి నుంచి రాయదుర్గానికి రైల్లో వెళితే యాభై కిలోమీటర్ల పైచిలుకు. మధ్యలో ఎక్కడో కర్ణాటక అయిపోయి ఆంధ్రప్రదేశ్ వస్తుంది. మట్టి రంగు మారదు, పైరు మారదు, అంగళ్ళ బోర్డుల మీద అక్షరాలు మాత్రం మారుతాయి. అదైనా పూర్తిగా కాదు. వేదవతి అని పుట్టి ఇక్కడికొచ్చేసరికి హగరి అయిన ఏరు కూడా ఆ గీతను లెక్కచేయక రాయదుర్గం సీమలోంచి బళ్ళారి సీమలోకి పారిపోతుంది.

ఈ సీమలో బోయవారు రెండు భాషల మనుషులు. కొన్ని పల్లెల్లో ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం. కొన్నిచోట్ల అది తిరగబడుతుంది. తెలుగులో బోయ అన్నవారినే కన్నడంలో బేడ అంటారు. రెండింటికీ వేటగాడనే అర్థం. గౌరవంగా పిలవాలంటే నాయకుడు, నాయక. రామాయణం వ్రాసిన మహర్షి కులం మాదని చెప్పుకునేటప్పుడు వాల్మీకి. 1909లో మద్రాసు ప్రభుత్వం ఎడ్గర్ థర్‌స్టన్ గారి కులాలు, తెగల గ్రంథాన్ని ఏడు సంపుటాలుగా అచ్చువేసింది. అందులో వీరికి ఒకే వ్యాసం, దాని తలమీద "బేడర్ లేక బోయ" అని రెండు పేర్లు. ఊరు బోయలు, కోడిమాంసం ముట్టని మ్యాస బోయలు అని లోపలి తేడాలు చెప్పారు. ఆ తేడాలు కూడా గీతకు రెండు పక్కలా ఉన్నవే. కనుక "ఒకే మనుషులు" అన్న మాటకు సాక్ష్యం కావాలంటే మన ఉత్తరాల దాకా రానక్కరలేదు. నూరేళ్ళ పైబడిన సర్కారు పుస్తకమే ఉంది.

మరి గీత ఎప్పుడు పడింది? 1800లో నిజాం ఇంగ్లీషు కంపెనీకి ఒప్పగించిన దత్తమండలాల్లో బళ్ళారి ఒకటి. అనంతపురం జిల్లా కూడా 1882లో బళ్ళారి జిల్లాను చీల్చి చేసినదే. మద్రాసు రాష్ట్రంలో ఉన్నంతకాలం రాయదుర్గం, ఆదోని, ఆలూరు, బళ్ళారి, సిరుగుప్ప, హోస్పేట అన్నీ ఒకే కలెక్టరు కింద ఉండేవి. ఆంధ్రనాటక పితామహుడని పిలుచుకునే ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు, చారిత్రక నాటకాల కోలాచలం శ్రీనివాసరావు గారు, మహానటుడు రాఘవ ముగ్గురూ బళ్ళారిలో వకీళ్ళే. రాఘవ తెలుగులోనూ కన్నడంలోనూ వేషం కట్టారు. ఆయన పేరిట బళ్ళారిలో కళామందిరం ఇవాళ్టికీ ఉంది. (ఈ ముగ్గురి గురించి వ్రాయమని అడిగిన పాఠకులకు: మరొకసారి తప్పకుండా.)

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు జిల్లాను భాషనుబట్టి పంచారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మనకు, తక్కినవి మైసూరుకు. బళ్ళారి తాలూకా ఒక్కటే తేలలేదు. హైదరాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి మిశ్రా గారిని విచారణకు పంపితే ఆయన మైసూరుకే అన్నారు. రెండేళ్ళకు ఫజల్ అలీ గారి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం తుంగభద్ర ప్రాజెక్టును దృష్టిలో పెట్టుకుని బళ్ళారినీ హోస్పేటనూ ఆ చుట్టుపట్లనూ ఆంధ్రకు ఇవ్వమన్నది. కర్ణాటక వారు అభ్యంతరపెట్టారు, కేంద్రం ఆ సిఫారసును పక్కన పెట్టింది. ఇటు తెలుగువారికీ అటు కన్నడిగులకూ అదొక పుండు. ఇప్పుడు దాన్ని గోకడం నా పని కాదు. నేను చెప్పదలచింది ఒక్కటే. ఆ వాదనంతా ఇల్లెవరిది, ఏరెవరిది, తెలుగువారెందరు, కన్నడిగులెందరు అన్న లెక్కల మీద నడిచింది. రెండూ మాట్లాడే కులాన్ని గీత ఎక్కడ కోస్తుందన్న లెక్క అందులో లేదు. అప్పటికి దానివల్ల వచ్చిన నష్టమూ కనిపించలేదు.

నష్టం జాబితాల రూపంలో తరువాత వచ్చింది. మన రాజ్యాంగంలో 342వ అధికరణం ఒక తెగను షెడ్యూల్డు తెగగా గుర్తించే దారి చెబుతుంది. రాష్ట్రపతి ప్రకటిస్తారు, ఒకసారి ప్రకటించాక పేరు చేర్చాలన్నా తీసేయాలన్నా పార్లమెంటు చట్టమే కావాలి. అందులో ఒక చిన్న పదబంధం ఉంది: "ఆ రాష్ట్రానికి సంబంధించి". అంటే దేశం మొత్తానికీ ఒక జాబితా లేదు. ప్రతి రాష్ట్రానికీ దాని జాబితా దానిదే. గుర్తింపు మనిషి ఒంటిని పట్టుకుని ఉండదు, మనిషి నిలబడిన నేలను పట్టుకుని ఉంటుంది. ఒక కులం ఒకచోట ఉన్న స్థితి ఇంకోచోట ఉండకపోవచ్చు కదా అన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. ఆలోచనగా తప్పేమీ లేదు. శ్రీకాకుళం కొండల్లోని తెగ పరిస్థితి వేరు, అదే పేరుతో పట్నంలో ఉన్నవారి పరిస్థితి వేరు కావచ్చు. కాని రైలు దిగకుండా వెళ్ళే దూరంలో పరిస్థితి అంత మారుతుందా?

బళ్ళారి వైపు బోయలు షెడ్యూల్డు తెగ ఎలా అయ్యారో వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. 1956లో పెద్ద మైసూరు రాష్ట్రం ఏర్పడినప్పుడు బొంబాయి రాష్ట్రం నుంచి బెళగావి, బిజాపూర్, ధార్వాడ, ఉత్తర కన్నడ జిల్లాలు వచ్చి కలిశాయి. వాటితోబాటు బొంబాయి జాబితా కూడా వచ్చింది. ఆ జాబితాలో "నాయక్డా, నాయక" అని ఒక పేరు. గుజరాతు జాబితాలో ఇప్పటికీ కనిపించే పేరది. అది ఆ నాలుగు జిల్లాలకే పరిమితం. 1976లో పార్లమెంటు ఇలాంటి ప్రాంతీయ పరిమితులను ఎత్తేస్తూ చట్టం చేసింది. దానితో "నాయక" అన్న మాట కర్ణాటక అంతటికీ వర్తించింది. బళ్ళారి, చిత్రదుర్గ, రాయచూరు సీమల్లో నాయకులని పిలిపించుకునే బేడవారు లక్షల్లో ఉన్నారు. "మేమూ నాయకులమే" అన్నారు. కాదనడమెలా?

జనాభా లెక్కలు చూడండి. 1971లో కర్ణాటకలో షెడ్యూల్డు తెగలవారు సుమారు 2 లక్షల 31 వేలు. 1981లో 18 లక్షల 25 వేలు. పదేళ్ళలో ఎనిమిదింతలు పిల్లలు పుట్టరు. మనుషులు వారే, పేరు మారింది. ఆ తరువాత కొన్నేళ్ళు ఈ నాయకులు ఆ నాయకులేనా అని తగవులు నడిచాయి. 1991లో పార్లమెంటు చట్టం చేసి నాయక్, బేడ, బేడర్, వాల్మీకి పేర్లను అదే పద్దులో స్పష్టంగా చేర్చడంతో ఆ తగవు తీరింది. 2020లో పరివార, తళవార అన్న పేర్లు కూడా కలిశాయి.

ఇక రాయదుర్గం వైపు. 1970లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనుకబడిన తరగతుల జాబితా తయారు చేసినప్పుడు ఏ వర్గంలో ఒక పద్దు ఇలా ఉంది: వాల్మీకి బోయ, బోయ, బేడర్, కిరాతక, నిషాది, తలయారి, ఇంకా కొన్ని. "బేడర్" అన్న మాట చూశారా? అక్కడ ఎస్టీ జాబితాలో ఉన్న మాటే ఇక్కడ బీసీ జాబితాలో ఉంది. అంతేకాదు, ఆంధ్రప్రదేశ్ ఎస్టీ జాబితాలో కూడా "వాల్మీకి" అని ఒక తెగ ఉంది. అయితే అది విశాఖ, శ్రీకాకుళం, తూర్పు పశ్చిమ గోదావరి వంటి జిల్లాల షెడ్యూల్డు ప్రాంతాల వరకే. ఏజెన్సీ వాల్మీకులు వేరు, అనంతపురం కర్నూలు బోయలు వేరు. ఉత్తరాదిలో వాల్మీకులంటే షెడ్యూల్డు కులంలోని పారిశుద్ధ్య కార్మికులు. పాపం ఆదికవి, ఎంతమందికని పేరు పంచగలడు!

2011 జనాభా లెక్కల్లో అప్పటి బళ్ళారి జిల్లాలో నూటికి 18 మంది షెడ్యూల్డు తెగలవారు. పక్కనున్న అనంతపురంలో నలుగురు కూడా లేరు. కర్నూలులో ఇద్దరు. బయటి దేశపు మనిషెవరైనా ఈ పటం చూస్తే బళ్ళారిలో అడవులూ రాయదుర్గంలో పట్నాలూ ఉన్నాయనుకుంటాడు.

బోయవారికే ఈ అన్యాయం అనుకోకండి. గీత అవతల నష్టపోయినవారు ఇవతల లాభపడ్డ సందర్భాలూ ఉన్నాయి, మధ్యలో తికమకపడ్డవారూ ఉన్నారు. లంబాడీలను తీసుకోండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణాల్లో వారు షెడ్యూల్డు తెగ. కర్ణాటకలో షెడ్యూల్డు కులం. మహారాష్ట్రలో రెండూ కాదు, విముక్త జాతుల వర్గం. సండూరు లంబాడీ ఆడవాళ్ళ అద్దాల కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అదే కుట్టు అనంతపురం తాండాల్లోనూ ఉంది. కుట్టు చూసి ఎవరు ఏ జాబితావారో చెప్పలేం.

వడ్డెరల కథ ఇంకా చిత్రం. బండలు పగలగొట్టి, చెరువులు తవ్వి బతికిన మన వడ్డెరలు కర్ణాటకలో వొడ్డరులు. అక్కడ తరతరాలుగా ఉన్నా ఇళ్ళలో తెలుగే. మైసూరు సంస్థానంలో తమ కులం పేరును "భోవి" అని మార్చుకున్నారు. రాష్ట్రపతి ఉత్తర్వులో "భోవి" అని అచ్చయింది, వొడ్డరు అన్న మాట లేదు. బెంగళూరు ప్రాంతంలో ఒక రిజర్వుడు శాసనసభ స్థానం నుంచి ఒక వొడ్డరు గెలిస్తే, ఓడినాయన కోర్టుకు వెళ్ళాడు. 1964లో సుప్రీంకోర్టు దాకా పోయింది. మామూలుగా జాబితాలో ఉన్న అక్షరం తప్ప కోర్టులు ఇంకేమీ చూడవు. ఆ ఒక్క కేసులో మాత్రం, మైసూరులో భోవి అన్న పేరుతో వేరే కులమే లేదు కనుక ఆ మాట వొడ్డరులకే వర్తిస్తుందని ఒప్పుకున్నారు. అలా అక్కడ వడ్డెరలు షెడ్యూల్డు కులమయ్యారు. ఆంధ్రలో బీసీ-ఏ లోనే ఉన్నారు. కాబట్టి బళ్ళారి సంతలో పక్కపక్కన కూర్చుని సద్ది విప్పుకున్న బోయ, లంబాడీ, వడ్డెర ముగ్గురూ గుంతకల్లు సంతకు వచ్చేసరికి సర్కారు దృష్టిలో ముగ్గురూ వేరే ముగ్గురు.

కాగితం తేడా కాగితంతో పోతే ఎవరూ పట్టించుకోరు. ఇది పెళ్ళి సంబంధాల దాకా వచ్చింది. మేనరికాలు ఈ సీమలో ఇప్పటికీ ఉన్నాయి. "బళ్ళారి సంబంధమైతే పిల్లలకు ఎస్టీ వస్తుంది" అన్నది సంబంధం చూసేవారి నోట మామూలు మాట అయిపోయింది. ఇక్కడ ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. పెళ్ళితో పిల్లకు కొత్త గుర్తింపు రాదు. ఆమెది ఆమె తండ్రిదే. పుట్టబోయే పిల్లలకు మామూలుగా తండ్రిది వస్తుంది. తల్లి వైపే పెరిగి, తల్లి కులం కష్టాలే పడిన పిల్లల సంగతి వేరుగా చూడాలని 2012లో గుజరాతు నుంచి వచ్చిన ఒక నాయక కేసులో సుప్రీంకోర్టు అన్నది. అది మినహాయింపు, దాన్ని నమ్ముకుని ముహూర్తం పెట్టుకోకూడదు.

ఎన్నికలకొస్తే తేడా కళ్ళకు కట్టినట్టుంటుంది. 1999లో సోనియా గాంధీ, సుష్మా స్వరాజ్ పోటీపడ్డ బళ్ళారి లోక్‌సభ స్థానం మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడది జనరల్. 2009 నుంచి ఎస్టీ రిజర్వుడు. ఆ పాత జిల్లాలోనే బళ్ళారి గ్రామీణ, సిరుగుప్ప, కంప్లి, సండూరు, కూడ్లిగి అని ఐదు అసెంబ్లీ స్థానాలు ఎస్టీలవి. ఇటు రాయదుర్గం, ఆలూరు, ఆదోని మూడూ జనరలే. 2009లో బళ్ళారి ఎస్టీ స్థానం నుంచి లోక్‌సభకు వెళ్ళిన జె. శాంత గారు 2024లో ఆంధ్రలో హిందూపురం నుంచి పోటీ చేశారు. అది జనరల్ స్థానం. ఆమె ఓడిపోయారు. గెలుపోటములు సరే, ఒకే మనిషి నూరు మైళ్ళ దూరంలో రెండు రకాల అభ్యర్థి కావడం గమనించండి.

సొంత ఊరు వదిలి దూరాన ఉన్న మనలాంటి కుటుంబాలకు ఇది ఇంకా దగ్గరి సంగతి. తెనాలిలో పుట్టిన ఒక కుర్రవాడి కేసు ఉంది. ఆంధ్రప్రదేశ్ జాబితాలో వారి తెగ ఎస్టీ. తండ్రికి బొంబాయిలో కేంద్ర ప్రభుత్వ ఎరువుల సంస్థలో ఎస్టీ కోటాలోనే ఉద్యోగం వచ్చింది. తొమ్మిదేళ్ళప్పుడు తండ్రితో వెళ్ళిన పిల్లవాడు అక్కడే చదివి వైద్య కళాశాలకు దరఖాస్తు పెట్టాడు. మహారాష్ట్ర కోటాలో నువ్వు ఎస్టీవి కావన్నారు. 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ మాటనే ఖాయం చేసింది: ఒక రాష్ట్రంలో ఉన్న గుర్తింపును మూటగట్టుకుని ఇంకో రాష్ట్రానికి తీసుకువెళ్ళడం కుదరదు. 2018లో ఐదుగురు న్యాయమూర్తులు ఢిల్లీ ఉద్యోగాల కేసులో మళ్ళీ అదే సూత్రం చెప్పారు, కేంద్ర సర్వీసులకు మాత్రం దేశమంతటి వారికీ హక్కుందన్నారు. తెనాలి పిల్లవాడు రాష్ట్రాలు దాటి వెళ్ళాడు. రాయదుర్గం బోయ ఎక్కడికీ వెళ్ళలేదు, గీతే వచ్చి ఆయనకూ బంధువులకూ మధ్య పడింది. చట్టం ఇద్దరికీ ఒకే జవాబు చెబుతుంది.

అన్ని దేశాల్లోనూ ఇంతేనా? కాదు. అమెరికాలో ఉన్న మన పాఠకులకు కొలంబియా నది తెలిసే ఉంటుంది. ఆ నదీ ప్రాంతపు సినిక్స్ట్ తెగను కెనడా, అమెరికాల సరిహద్దు రెండుగా కోసింది. 1956లో కెనడా ప్రభుత్వం తమవైపు ఆ తెగే అంతరించిందని ప్రకటించింది. 2010లో అమెరికా వైపున్న ఆ తెగ మనిషి ఒకాయన కెనడా గడ్డమీదికి వెళ్ళి, తాతల నాటి వేట హక్కని ఒక పెద్ద దుప్పిని కొట్టాడు. కేసు పెట్టారు. 2021లో కెనడా సుప్రీంకోర్టు, ఆ హక్కు సరిహద్దు కంటే పాతది, అవతల ఉంటున్నా అతనికి చెల్లుతుందన్నది. మన బోయవారూ వేటగాళ్ళే కాని మన కోర్టు అలా అనలేదు. అక్కడి ప్రశ్న పూర్వీకుల నేల గురించి. మన దగ్గర ప్రశ్న సీట్లూ ఉద్యోగాలూ ఒక రాష్ట్రంలో ఎవరు పంచుకోవాలన్నది. పంపకానికి ఎల్ల కావాలంటుంది మన చట్టం.

అలాగైతే ఆంధ్రలోనూ చేర్చేస్తే పోలేదా? ఆ ప్రయత్నాలు జరిగాయి. 2017లో ఒకసారి, 2023 మార్చిలో మరొకసారి ఆంధ్రప్రదేశ్ శాసనసభ బోయలను ఎస్టీల్లో చేర్చమని తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. రెండుసార్లూ అధికారంలో ఉన్న పార్టీలు వేరు, తీర్మానం ఒకటే. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభా చేసింది. శాసనసభ చేయగలిగింది అంతే. అక్కడి నుంచి రిజిస్ట్రార్ జనరల్ చూడాలి, షెడ్యూల్డు తెగల జాతీయ కమిషన్ చూడాలి, ఇద్దరూ సరేనంటే పార్లమెంటుకు వెళ్ళాలి. ఇంతవరకు చట్టం రాలేదు. కొలమానం 1965 నాటి లోకూర్ సంఘానిది: ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, భౌగోళికంగా విడిగా ఉండడం, బయటివారితో కలవడానికి బిడియం, వెనుకబాటుతనం. బళ్ళారి బజారులో రెండు భాషల్లో బేరమాడే మనిషిని పట్టుకుని "నీకు బిడియముందా?" అని అడగాలన్నమాట! ఆ కొలమానంతో కొలిస్తే బళ్ళారి బోయలూ నెగ్గరు. వారు చేరింది కొలమానం మీద కాదు, పేరు మీద. అందుకే రాయదుర్గం వారికి "అక్కడ ఇచ్చారు కదా" అన్న వాదం బలమైనదిగా తోస్తుంది. ఢిల్లీలో మాత్రం అది చెల్లదు.

ఇంకో పక్షం కూడా వినాలి. 2023 తీర్మానం రాగానే విశాఖ ఏజెన్సీలో గిరిజనులు నిరసనకు దిగారు. ఆంధ్రలో ఎస్టీలకున్నది 6 శాతం. మైదానంలో చదువూ భూమీ కొంత ఉన్న పెద్ద కులం వచ్చి అందులో కూర్చుంటే పాడేరు కొండల పిల్లవాడికి మిగిలేదేమిటన్నది వారి భయం. ఇది అసూయ మాట కాదు. కర్ణాటకను చూసే వారా మాట అంటున్నారు. అక్కడ లక్షల మంది జాబితాలో చేరాక కూడా వాటా 3 శాతం దగ్గరే ఉండిపోయింది. దాన్ని 7 శాతం చేసింది 2022లో. అన్నేళ్ళూ బిళిగిరి కొండల సోలిగలూ జేను కురుబలూ ఆ మూడు మెతుకుల్లోనే బళ్ళారి నాయకులతో పోటీపడ్డారు. నా మటుకు నాకు రాయదుర్గం బోయల అడగడం న్యాయంగానే కనిపిస్తుంది. కాని పేరు చేర్చిన రోజే వాటా పెంచకపోతే ఒక పేదవాడి కంచంలోది తీసి ఇంకో పేదవాడికి పెట్టినట్టవుతుంది. తీర్మానాలు చేసినవారు పేరు గురించి మాట్లాడినంత గట్టిగా వాటా గురించి మాట్లాడలేదు. ఓట్లకు పేరు చాలు మరి.

చివరగా కాగితాల సంగతి, ఉత్తరాల్లో పదేపదే అడుగుతున్నారు కనుక. రాష్ట్రం దాటి వెళ్ళిన కుటుంబంలో పిల్లలకు తండ్రి సొంత రాష్ట్రపు గుర్తింపే ఉంటుంది. ఉంటున్న రాష్ట్రపు కోటాలో అది పనికిరాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకూ కేంద్ర విద్యాసంస్థలకూ పనికివస్తుంది. బోయలు ఆంధ్రప్రదేశ్ కింద కేంద్ర ఓబీసీ జాబితాలో ఉన్నారు. కనుక పుణెలో పెరిగిన పిల్లైనా, తల్లిదండ్రుల ఆదాయం, హోదా పరిమితికి లోబడి ఉంటే, ఆ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. దానికి తండ్రి కుల ధ్రువపత్రం మూలం. అది రాయదుర్గంలో పెట్టెలో ఉంటే ఈ సెలవుల్లోనే తెచ్చి పెట్టుకోండి.

ఇంకొక జాగ్రత్త. 1953కు ముందటి తాతల కాగితాల్లో, బడి రిజిస్టర్లలో, "రాయదుర్గం తాలూకా, బళ్ళారి జిల్లా" అని ఉంటుంది. అది చూపిస్తే కర్ణాటక ఎస్టీ సర్టిఫికెట్ ఇప్పిస్తామని డబ్బు గుంజే దళారులు తగులుతారు. నమ్మకండి. చూసేది ఆనాటి జిల్లా పేరు కాదు, ఉత్తర్వు వచ్చేనాటికి కుటుంబం స్థిరంగా ఉన్న ఊరు ఏ రాష్ట్రంలో ఉన్నదని. ఆ ఊరు 1953 నుంచి ఆంధ్రలో ఉంది.